నర్సింగ్‌ పీజీ.. చేరే ముందు తెలుసుకోండి

మార్కాపురం: పశ్చిమ ప్రకాశంలో రోగి పరిస్థితి విషమిస్తే ఒంగోలుకో, గుంటూరుకో తరలించాల్సి వస్తుంది. అంతవరకు రోగిని కనిపెట్టుకుని ఉండాల్సింది వార్డులోని నర్సులే. డ్యూటీల పంపిణీ, మందుల నిల్వలు, ఇన్‌ఫెక్షన్ల నివారణ, కొత్తవారికి శిక్షణ వంటి బాధ్యతలకు అనుభవంతోపాటు ఉన్నత విద్య తోడ్పడుతుంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంత నర్సులు పీజీలో చేరే ముందు గమనించాల్సిన అంశాలివి.

అర్హత: ఎమ్మెస్సీ నర్సింగ్‌ కోర్సు కాలపరిమితి 2 సంవత్సరాలు. బీఎస్సీ నర్సింగ్‌ లేదా పోస్ట్‌ బేసిక్‌ బీఎస్సీలో 55 శాతం మార్కులు, నర్సింగ్‌ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌, ఏడాది పని అనుభవం ఉండాలి. మూడేళ్ల జీఎన్‌ఎం చదివినవారు తొలుత రెండేళ్ల పోస్ట్‌ బేసిక్‌ బీఎస్సీ పూర్తిచేయాలి.

విభాగాలు: మెడికల్‌ సర్జికల్‌, ప్రసూతి-స్త్రీ ఆరోగ్యం, శిశు ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం. వీటిలో దేనిని ఎంచుకున్నా రెండో ఏడాది నర్సింగ్‌ మేనేజ్‌మెంట్‌ చదవాలి. సిబ్బంది కేటాయింపు, బడ్జెట్‌, సేవల నాణ్యత ఇందులోని పాఠాలే.

ఎంహెచ్‌ఏ వేరు: ఆసుపత్రి పరిపాలనకు సంబంధించిన ఈ పీజీలో ఇతర డిగ్రీల వారూ చేరవచ్చు. ఆసుపత్రి నిర్వహణ ఉద్యోగాలకు ఇది ఉపకరిస్తుంది. నర్సింగ్‌ కళాశాలలో అధ్యాపక పోస్టుకు మాత్రం ఎమ్మెస్సీ నర్సింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

గుర్తింపు: రాష్ట్రంలోని కళాశాలకు విజయవాడలోని డాక్టర్‌ ఎన్టీఆర్‌ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉందో లేదో చూడాలి. భారత నర్సింగ్‌ కౌన్సిల్‌ జాబితానూ పరిశీలించాలి. గుర్తింపు లేని చోట చేరితే అప్పుచేసి కట్టిన ఫీజుతోపాటు రెండేళ్ల కాలమూ వృథా అవుతుంది.