త్రిత్వము: కృష్ణా డెల్టాలో

దేవుడు ఒక్కడే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురూ ఆ ఒక్క దేవుడే అన్న క్రైస్తవ విశ్వాసమే త్రిత్వము. త్రియేకత్వమనీ అంటారు. ‘ముగ్గురు వ్యక్తులు’ అనగానే తెలుగు చెవికి ముగ్గురు వేర్వేరు మనుషులు తోస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

325లో నైసియా సభ, కుమారుడు సృష్టించబడినవాడన్న అరియస్ బోధను తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని తీర్మానించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా విశ్వాస ప్రమాణంలో పరిశుద్ధాత్మను గురించిన భాగాన్ని విస్తరించింది.

తెలుగులో తొలి క్రైస్తవ గ్రంథాలు బెంజమిన్ షుల్జ్ కృషితో 1746–47లో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు చేరారు. 1859లో రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య బాప్తిస్మం పొందాక మాలపల్లెల్లో సంఘాలు పుట్టాయి. 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు. కృష్ణా ప్రాంతపు సంఘాలూ తరువాత ఆ డయోసిస్‌లో చేరాయి. చదువురాని కూలీలు పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి దీపం ముందు కూర్చుని విశ్వాస ప్రమాణాన్ని నోటితో వల్లించి నేర్చుకోవడం ఆ కాలపు గొప్ప విజయం. ఈ సంఘాలూ కలిసిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947లో ఏర్పడింది.

కృష్ణా ప్రాంతంలోనే గుణదల కొండ మీద 1924లో కతోలికుల మరియమాత క్షేత్రం వెలిసింది. కతోలికులైన ఆర్.సి.ఎం. వారు నుదుటిని, రొమ్మును, రెండు భుజాలను తాకుతూ ‘పిత, పుత్ర, పవిత్రాత్మ’ అంటారు. సి.ఎస్.ఐ. వారు ‘తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ’ అంటారు. మాటలు వేరైనా నమ్మకం ఒకటే.

అసలు తేడా పెంతెకొస్తు ఉద్యమంలో వచ్చింది. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన కూటంలో, అపొస్తలులు యేసు నామంలోనే బాప్తిస్మమిచ్చారన్న బోధ బయలుదేరింది. 1916లో పెంతెకొస్తు సంఘమైన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వాన్నే నిలబెట్టగా, యేసే ఆ ఒక్క దేవుడనే ఏకత్వవాదులు విడిపోయారు. అమెరికన్ ప్రబోధకుడు విలియం బ్రెన్‌హామ్ (1909–1965) ప్రసంగాలను అనుసరించే తెలుగు సంఘాలూ యేసు నామంలోనే బాప్తిస్మమిస్తాయి. మత్తయి సువార్తలోని బాప్తిస్మపు ఆజ్ఞలో ‘నామము’ అని ఏకవచనం ఉంది కదా, ఆ ఒక్క నామం ఏది అని వీరు అడుగుతారు. యొర్దాను నదిలో బాప్తిస్మం పొందిన కుమారుడు నీళ్లలో ఉండగా ఆకాశం నుంచి పలికింది ఎవరు, పావురంవలె దిగింది ఎవరు అని త్రిత్వవాదులు తిరిగి అడుగుతారు. యెహోవా సాక్షులు మాత్రం తండ్రి ఒక్కడే దేవుడంటారు.

త్రిత్వ నామంలో నీటితో ఇచ్చిన బాప్తిస్మాన్ని కతోలిక సంఘం మళ్లీ ఇవ్వదు. యేసు నామం సంఘాల్లో చేరేవారు మాత్రం మరోసారి నీళ్లలో మునగాలి.