పనియు, పాటయు

తెలుగువారు పనిని గూర్చి మాటలాడునపుడు పాటను విడిచిపెట్టరు. సోమరిని 'పనీపాటా లేనివాడు' అందురు. ఇల్లాలు వేకువనే లేచి పనిపాటలు చక్కబెట్టుకొనును. ఈ పాట గానమా, లేక శ్రమ యను అర్థము గల 'పాటు'నకు రూపాంతరమా యని పండితులు వాదులాడుకొనవచ్చును. పదిమంది చెవులకు పాట చేర్చుటయే జీవనముగా గల మేము మొదటి పక్షమున నుందుము. రెండవ పక్షమువారి వాదము బలమైనదని యెఱిగియే యుందుము.

పని చేయుచున్న మనుష్యునికి ఎట్టి పాట తగును? రేడియోలో ప్రోగ్రాములు కూర్చువారికిది నిత్యము ఎదురగు ప్రశ్న. ఈనాడు 'ప్రోగ్రాములు' కూర్చువారు మఱియొక తెగవారు కూడ నున్నారు. హైదరాబాదులోను, అమెరికాలోను కంప్యూటరు ముందర గూర్చుండి ప్రోగ్రాములు వ్రాయు మన పిల్లలు చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని గంటలకొలది పాటలు వినుచు పని చేయుచున్నారు. పేరొకటే, పనులు వేఱు. అయినను వారి ప్రశ్నయు మా ప్రశ్నయే. ఈ ప్రశ్నకు బదులు వెదకుచు మేము పెద్దాపురము పోవలసి వచ్చెను.

సామర్లకోట స్టేషనులో దిగి కొంచెము దూరము పోయినచో పెద్దాపురము. ఒకప్పుడు వత్సవాయివారి సంస్థానమునకు రాజధాని. ఊరి చెంత పాండవుల మెట్ట. ఆషాఢమాసమున మరిడమ్మవారి జాతర. వీటితో పాటు ఊరికి పేరు తెచ్చినది పట్టునేత. మగ్గపు గోతిలో కాళ్ళు విడిచి కూర్చున్న నేతగాడు కాలితో కఱ్ఱ త్రొక్కును. పడుగు రెండుగా విడును. నాడె ఇటునుండి అటు పరుగెత్తును. పన్నెతో పేకను దగ్గరకు కొట్టును. ఈ చప్పుడు వీధి మొదటనే వినబడును. దానికొక తాళమున్నది. అయితే దానికి పాట యున్నదా?

గోదావరి మండలమున పనిపాటలకు కొదువ లేదు. వడ్లు దంచునపుడు దంపుళ్ళ పాటలు, తిరగలి విసరునపుడు విసురు పాటలు, ఊడ్పుల వేళ నాట్ల పాటలు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియైన తరువాత డెల్టా కాలువలలో పడవలు మెండాయెను. గట్టున నడచుచు త్రాటితో పడవలను లాగిన జనముల నోట 'హైలెస్సా' పలికినది. ఏతము తొక్కువారి పాట మఱియు విచిత్రము. అందులో బానల లెక్క చేరి యుండును. పాట సాగినంత మేర నీరు తోడబడినట్లు లెక్క. రాజమండ్రి వాస్తవ్యులైన నేదునూరి గంగాధరముగారు ఇట్టి పాటలను ఊరూర తిరిగి కూర్చిరి. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. ఆ గ్రంథములు లేకున్నచో మా రికార్డింగు యంత్రములు పల్లెలకు చేరులోపుననే అనేక గేయములు మాసిపోయి యుండెడివి.

ఈ పాటలన్నియు పనిలోనుండియే పుట్టినవి. రోకలి పోటే తాళము. పది చేతులు ఒక్కమాఱుగ కదలుటకు పాటయే ఆజ్ఞ. మగ్గము సంగతి వేఱు. అచట ఒక్కడే కూర్చుండును. కాలు ఒక లెక్కను, చేయి మఱియొక లెక్కను నడపుచుండగా, అంచు వద్ద పువ్వు వేయవలసిన చోట మనస్సు మూడవ లెక్కను పట్టుకొని యుండవలెను. పాటలోని లెక్క నేతలోని లెక్కతో తగవులాడును. దంపుడు పాటవలె మగ్గపు పాట మన సంకలనములలో ప్రసిద్ధి కెక్కకపోవుటకు ఇదియే కారణమని మా ఊహ.

ఇచట కంప్యూటరు పిల్లలకును, సాలెవారికిని గల చుట్టరికము చెప్పవలెను. ఇది మేము కల్పించినది గాదు. ఫ్రాన్సు దేశమున లియోను నగరము పట్టునేతకు ప్రసిద్ధము. ఆ నగరపు జకార్డు అను నాతడు 19వ శతాబ్ది మొదట చిల్లులు పొడిచిన అట్టలతో పువ్వులు నేయు పరికరమును అమర్చెను. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేచును, లేనిచోట లేవదు. అట్టల వరుసయే నేతకు ఆజ్ఞాపత్రము. ఆ జకార్డు ప్రతిమనే 1839లో పట్టుపై నేసినపుడు సుమారు 24,000 అట్టలు పట్టినవి. దానినొకదానిని ఆంగ్లేయుడైన చార్లెసు బాబేజి సంపాదించి తన యింట నుంచుకొనెను. తాను తలపెట్టిన గణనయంత్రమునకు అట్టి అట్టలతోనే ఆజ్ఞలిప్పింపవలెనని యాతని సంకల్పము. 1843లో ఆ యంత్రమును వివరించుచు అడా లవ్‌లేసు అను విదుషి దానిని జకార్డు మగ్గముతోనే పోల్చెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలెరితు అనునాతడు చిల్లుల అట్టలతో తేల్చెను. ఆ తరువాతి కథ అందఱెఱిగినదే. పెద్దాపురములో అంచునకు పువ్వులెక్కించు అట్టలను ఎవరైన చూచినచో, అది ప్రోగ్రామేయని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

రేడియో వచ్చిన పిదప పనిలోనుండి పుట్టని పాట పనిలోనికి ప్రవేశించెను. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినవి. తొలినాళ్ళలో రేడియో కలవారి యింట నుండెడిది. దాని చుట్టును జనము కచ్చేరికి వచ్చినట్లు కూర్చుండి వినెడివారు. మా వృత్తిలోని పెద్దలకు 'వినుట' యనిన అదియే. 1952లో సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కరుగారి హయాములో ఆకాశవాణినుండి సినిమాపాటలు తగ్గి, కొన్నాళ్ళకు దాదాపు నిలిచిపోయెను. శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసిరి. ఉద్దేశము గొప్పది. దాని మేలును మేమును అనుభవించితిమి. కాని శ్రోతలు మారుమాట లేక మీట త్రిప్పి సిలోను రేడియోను పట్టుకొనిరి. సంగీతమునకై పని మానువారు కొందఱు, పనికై సంగీతమును కోరువారు పెక్కుమంది యను సంగతి అప్పుడు తెలిసివచ్చెను. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమాయెను. పిమ్మట ట్రాన్సిస్టరు చౌకయై వంటింటికి, దర్జీ దుకాణమునకు, మగ్గపు గోతికి చేరెను. విజయవాడ కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావుగారు రూపు దిద్దిన 'భక్తిరంజని' ప్రొద్దుటిపూట ఎన్ని లక్షల పొయ్యిల చెంత వినబడెనో చెప్పజాలము; ఆ శ్రోతలలో కదలక కూర్చుండి విన్నవారు మాత్రము తక్కువ.

పనివారికై పాటలను పనిగట్టుకొని ఏర్చుటలో లండను బి.బి.సి. వారు మాకు ముందున్నారు. యుద్ధకాలమున 1940 జూన్ 23న 'మ్యూజిక్ వైల్ యు వర్క్' అను కార్యక్రమమును ఫ్యాక్టరీలకై మొదలిడిరి. దినమునకు రెండుమాఱులు, అరగంట చొప్పున. అది 1967 వఱకు నడచెను. వారి నియమములను చదివినపుడు మాకు నవ్వును వచ్చెను, గౌరవమును కలిగెను. మందగతి పనికిరాదు, నిద్ర వచ్చును. ధ్వని ఒక్కమాఱుగ హెచ్చి తగ్గరాదు. తగ్గినది యంత్రముల రొదలో మునిగిపోవును. మాటలున్న పాటకంటె వాద్యము మేలు. తాళము మితిమీరరాదు. 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సాస్' అను పాటను వారు వెలివేసిరి. తప్పేమన, ఆ పాటలో చప్పట్లు చఱచుచోటు వచ్చినపుడు పనివారు చేతిలోని పనిముట్లతో యంత్రములను కొట్టుదురని భయము! అమెరికాలో 1934లో ఏర్పడిన మ్యూజాకు కంపెనీ ఇంకను ముందుకు పోయి, పదునైదు నిమిషముల సంగీతము, పదునైదు నిమిషముల నిశ్శబ్దము, క్రమముగ ఉద్వేగము పెంచుట యని మందు మోతాదువలె కొలిచి పోసెను. అది మాకు రుచింపదు. అచట వినువాని యిష్టముతో పని లేదు. యజమాని యిష్టమే సంగీతము.

చేతిపనియందు చెవికి తీరిక యుండును. క్యూబా దేశపు హవానాలో 1865 నుండి చుట్టలు చుట్టువారికి పత్రికలు, నవలలు బిగ్గఱగా చదివి వినిపించు ఆచారమున్నది. ఆకు చుట్టు వ్రేళ్ళకు మాటలు అడ్డురావు. మాటలతోను, గుర్తులతోను చేయు పనికి మాత్రము మాటలే శత్రువులు. సలామె, బాడ్లీ అను శాస్త్రజ్ఞులు 1989లో ప్రకటించిన పరీక్షలలో, అంకెలను వరుసగా మనస్సున నిలుపుకొనువారిని వాద్యసంగీతముకంటె గాత్రసంగీతమే యెక్కువ చెఱచినది. మనము వలదనుకొన్నను మాట చెవిలోబడి, మనస్సులో లెక్క నిలుపుకొను చోటనే తిష్ఠవేయును.

మఱి పాట మానివేయవలెనా? 2005లో లెస్యూకు అను పరిశోధకురాలు కెనడాలోని నాలుగు కంపెనీలకు చెందిన 56 మంది ప్రోగ్రాములు వ్రాయువారిని కొన్ని వారములు పరిశీలించెను. పాట తీసివేసినపుడు వారి ఉల్లాసము తగ్గెను, పనికి పట్టు కాలము పెరిగెను. పాట వినువారి పక్షమున ఇది గట్టి సాక్ష్యమే. కాని మమ్ము ఆలోచింపజేసినది వేఱొకటి. 1960వ దశకమున కార్నెలు విశ్వవిద్యాలయమున జరిగినదానిని డిమార్కో, లిస్టరు అనువారు 1987లో తమ గ్రంథమున వ్రాసిరి. విద్యార్థులలో సంగీతము కోరువారిని, కోరనివారిని కలిపి కొందఱిని నిశ్శబ్దపు గదిలోను, కొందఱిని సంగీతమున్న గదిలోను ఉంచి, ఒక ప్రోగ్రాము వ్రాయుమనిరి. వేగమునందుగాని, తప్పులు లేకుండుటయందుగాని రెండు గదులకు భేదము కనబడలేదు. అయితే ఆ లెక్కలో ఒక మర్మమున్నది. ఇచ్చిన అంకెపై ఎన్ని మార్పులు చేసినను చివరకు వచ్చునది మొదట ఇచ్చిన అంకెయే! ఇంత శ్రమయు నిష్ప్రయోజనమని కొందఱు కనిపెట్టిరి. వారిలో చాలమంది నిశ్శబ్దపు గదివారు. పాట చేతిని దోచుకొనలేదు. తల యెత్తి 'ఇది దేనికి?' అని యడుగు క్షణమును మాత్రము దోచుకొనెను.

ఇది చదివిన తరువాతనే మేము పెద్దాపురమున ఒక మగ్గపుటింటి గడప యెక్కితిమి. ఇంటి యాడువారు రాట్నముపై కండెలు చుట్టుచుండిరి. గూటిలో చిన్న రేడియో పాడుచుండెను. "పెద్దయ్యా, పాట వినబడుచుండగా లెక్క తప్పదా?" అని యడిగితిమి.

"ఒట్టి నేతకైతే పాట ఉండాలండి. కాలు దానంతటదే ఆడుద్ది. కొత్త పువ్వు అట్టలెక్కించిన్నాడు మాత్రం కట్టేత్తానండి. పడుగు అతికేటప్పుడూ అంతే," అని ఆయన బదులిచ్చెను. ఎట్టి పాటలు ఇష్టమని అడుగగా, తెలిసిన పాతపాటలే మంచివనియు, క్రొత్తపాట వచ్చినచో మాటలు వినవలెనని బుద్ధి పుట్టి చేయి నిలుచుననియు చెప్పెను. 1989 నాటి పరీక్షయు, కార్నెలు గదులును ఈ రెండు మాటలలో ఇమిడినవి.

పెద్దాపురపు ఆడపడుచు అంజలీదేవిగారి 'సువర్ణసుందరి' వివిధభారతి పుట్టిన 1957లోనే వచ్చినది. అందు ఆమె భర్త ఆదినారాయణరావుగారు నాలుగు రాగముల మాలికగా కూర్చగా ఘంటసాల, జిక్కి పాడిన యుగళగీతమును మేమెన్నిమాఱులు వినిపించితిమో లెక్క లేదు. పనివేళకు మాత్రము అది తగదు. రాగము మాఱిన ప్రతిచోట వినువాడు నిలిచిపోవును. ఆ పాట గొప్పతనము అట్టిది. గొప్పపాటలన్నియు పనికి కొంత విరోధులే.

ప్రోగ్రాములు వ్రాయు పిల్లలు మమ్మడిగినచో దూరము పోనక్కఱ లేదందుము. మాటలు లేని సంగీతమునకు ఈ సీమయే పుట్టిల్లు. ద్రాక్షారామమున 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు ఆకాశవాణి వాద్యబృందమును నడపిన వైణికులు. వారి శిష్యులు చిట్టిబాబుగారు కాకినాడవారు. వీణపై ఆలాపన నెమ్మదిగా సాగునపుడు అది మనస్సును పిలువదు, ప్రక్కన కూర్చుండును. తానము మొదలైనపుడు మాత్రము జాగ్రత్త. ఇల్లు కట్టువాని సుత్తి దెబ్బలవలె నడచు మామూలు పనికి అదియు మంచిదే. చిక్కుముడి విప్పవలసి వచ్చినపుడు చెవులనుండి ఆ తొడుగులు తీసి ప్రక్కన పెట్టవలెను. పాటలు వేసి బ్రతుకువారము ఈ మాట చెప్పుట వింతగా దోచవచ్చును.

మేము సెలవు తీసికొనుచుండగనే పడుగులో ఒక పోగు తెగెను. పెద్దయ్య చేయి చాచి రేడియో ఆపెను. కాలు నిలిచెను. ప్రక్కయింటి మగ్గపు చప్పుడు అప్పటివఱకు మాకు వినబడలేదు, ఇప్పుడు వినబడెను. ఆయన పోగుల నడుమ వ్రేళ్ళు పోనిచ్చి తెగిన కొనను వెదకి పట్టి, నోటి తడి చేసి, రెండవ కొనతో కలిపి మెలివెట్టెను. వెలుతురులో ఒకమాఱు చూచుకొని మరల రేడియో విప్పెను. పాట అయిపోయినది; ప్రాంతీయ వార్తలు మొదలైనవి. ఆయన నవ్వి, దానినే ఉండనిచ్చి, కఱ్ఱ త్రొక్కెను.