భూమి కంపించిన రాత్రి బుగ్గలు

గీజర్ అనగానే మనకు స్నానాలగదిలో నీళ్లు కాచే యంత్రమే మనసులో మెదులుతుంది. నిజానికి ఆ మాట ఐస్‌లాండులో ఆగి ఆగి పైకెగజిమ్మే ఒక వేడినీటి బుగ్గ పేరునుండి పుట్టింది. అటువంటి బుగ్గలు లోకంలోకెల్లా ఎక్కువగా ఉన్నది అమెరికాలోని యెల్లోస్టోన్ వనంలో. ఆ వనం ఒక మహా అగ్నిపర్వతం మీద ఉంది.

1959 ఆగస్టు 17 రాత్రి 11 గంటల 37 నిమిషాలకు, వనానికి పడమట హెబ్జెన్ సరస్సు దగ్గర 7.3 పరిమాణంతో భూకంపం వచ్చింది. 28 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది నది ఒడ్డున విడిది చేసి, విరిగిపడిన కొండ కింద సమాధి అయిన యాత్రికులు. ఈ విషాదం జగమెరిగినదే. అదే రాత్రి బుగ్గలకేమైందో చెప్పుకునేవారు తక్కువ.

ఫైర్‌హోల్ నది పొడవునా దాదాపు 300 బుగ్గలు ఎగజిమ్మాయి. వాటిలో 160 అంతకుముందు ఎన్నడూ ఎగసినట్లు దాఖలా లేనివి. ఆ మాట ఇంత ధీమాగా చెప్పగలగడానికి కారణం జార్జ్ మార్లర్ అనే వన ఉద్యోగి. ఆయన 1930ల నుండీ ఒక్కొక్క బుగ్గ నడతనూ ఓపికగా గమనించి రాసిపెట్టుకున్నాడు. భూకంపం తరువాత ఎందరైనా వచ్చి కొలవగలరు. ముందు రోజు సంగతి ఎవరు చెప్పాలి?

నీలమణి వంటి నీటితో నిశ్చలంగా ఉండే శాఫైర్ కొలను ఆపై ప్రచండంగా విజృంభించింది. చుట్టూ ఉన్న బిస్కెట్ల వంటి రాతి బుడిపెలను ఊడ్చివేసింది. కొన్నేళ్లకు ఆ ఉధృతి సన్నగిల్లింది.

భూగర్భంలో మరిగే నీరు సన్నని రాతి సందులలోంచి పైకి వస్తుంది. నీటిలోని సిలికా ఆ సందులను మెల్లమెల్లగా పూడుస్తూ ఉంటుంది. భూకంపపు కుదుపుకు మూసుకున్నవి కొన్ని తెరుచుకుంటాయి, తెరిచినవి కొన్ని మూసుకుపోతాయి. ఇందుకు భూకంపం చేరువలోనే రానక్కరలేదు. 2002లో మూడువేల కిలోమీటర్లకు పైగా దూరాన, అలాస్కాలోని డెనాలి దగ్గర భూమి కంపిస్తే ఇక్కడి గీజర్లు కొన్ని వేళలు మార్చుకున్నాయి!

వేళ తప్పదని పేరుపడ్డ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1959కి ముందు సగటున గంటకొకసారి ఎగసే ఆ బుగ్గ, ఆనాటి భూకంపం తరువాత కొంత, 1983 నాటి భూకంపంతో మరికొంత ఆలస్యానికి అలవాటుపడింది. ఇప్పుడు దాదాపు గంటన్నర వేచిచూడాలి.

ఆ 1959 రాత్రి నేల చీలిన ఒకచోట మొదట ఆవిరి మాత్రమే వచ్చేది. కొన్నేళ్లకు అదీ గీజరయింది. దానికి పెట్టిన పేరు సీస్మిక్, అంటే భూకంపజం.