పదవీ విరమణ తరువాత కూడా పాఠం ఆపని ఆచార్యురాలు చిలుకూరి శాంతమ్మ

రాష్ట్రంలో భౌతికశాస్త్ర బోధనకు సుదీర్ఘకాలం సేవలందించిన వారిలో ఆచార్య చిలుకూరి శాంతమ్మ పేరు ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1989లో 60 ఏళ్ల వయస్సులో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన ఆమె, 2022, 2023 సంవత్సరాలలో, అంటే 90 ఏళ్లు పైబడిన తరువాత కూడా, విజయనగరంలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో తరగతులు నిర్వహిస్తూ ఉండడం దేశవ్యాప్తంగా పత్రికల దృష్టిని ఆకర్షించింది.

1929 మార్చి 8న మచిలీపట్నంలో జన్మించిన శాంతమ్మ పసితనంలోనే తండ్రిని కోల్పోయి మేనమామ సంరక్షణలో పెరిగారు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతుండగా, 1945లో, భౌతికశాస్త్రంలో కనబరచిన ప్రతిభకు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ నుండి స్వర్ణపతకం అందుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాల అభివృద్ధికి భూరి విరాళాలిచ్చిన దాత కూడా ఈ మహారాజే. పతకం పొందిన విద్యార్థిని అనంతర కాలంలో అదే కళాశాలలో ఉపన్యాసకురాలు కావడం విశేషం.

ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు కృషి ఫలితంగా ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖ వర్ణపట పరిశోధనలకు పేరెన్నికగన్నది. ఆ విశ్వవిద్యాలయం నుండే శాంతమ్మ మైక్రోవేవ్ వర్ణపటశాస్త్రంలో డి.ఎస్సీ. పట్టా పొందారు. వాయు స్థితిలోని అణువులు తమ భ్రమణానికి అనుగుణమైన కొన్ని నిర్దిష్ట పౌనఃపున్యాల వద్దనే మైక్రోవేవ్ తరంగాలను శోషిస్తాయి. ఆ పౌనఃపున్యాలను సూక్ష్మంగా కొలిచి అణువులోని పరమాణువుల మధ్య దూరాలను లెక్కకట్టవచ్చు. ఓర్పు లేనివారికి అలవడే విద్య కాదిది.

1956లో ఉపన్యాసకురాలిగా చేరిన ఆమె రీడరుగా, ఆచార్యురాలిగా 33 సంవత్సరాలు పనిచేశారు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, విశ్వవిద్యాలయ నిధుల సంఘం, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం చేపట్టిన పరిశోధన పథకాలలో బాధ్యతలు నిర్వహించారు. విరమణానంతరం గౌరవ హోదాలో తిరిగి బోధనకు వచ్చారు.

సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో బోధించేందుకు ఆమె విశాఖపట్నం నుండి ప్రతిదినం 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణించేవారు. మోకాళ్లకు శస్త్రచికిత్స జరిగినందున రెండు ఊతకర్రల సాయంతో నడిచి తరగతి గదికి చేరేవారు. తెల్లవారుజామున 4 గంటలకే లేచి ఆనాటి పాఠానికి సిద్ధం కావడం ఆమె నిత్యకృత్యం. పూర్వం ఎం.ఎస్సీ. విద్యార్థులకు వర్ణపటశాస్త్రం చెప్పిన ఆమె, ఇక్కడ వైద్య అనుబంధ కోర్సుల విద్యార్థులకు వైద్య భౌతికశాస్త్రం బోధించారు. విద్యార్థుల అవసరాన్ని బట్టి ఆ వయస్సులో కొత్త పాఠ్యాంశాన్ని చేపట్టడం సామాన్య విషయం కాదు.

ఆమె భర్త, కీర్తిశేషులు చిలుకూరి సుబ్రహ్మణ్య శాస్త్రి తెలుగు ఆచార్యులు. ఆయన ప్రోత్సాహంతో ఉపనిషత్తులను అధ్యయనం చేసిన శాంతమ్మ భగవద్గీతపై ఆంగ్లంలో గ్రంథం రచించారు. తమ స్వగృహాన్ని వివేకానంద మెడికల్ ట్రస్టుకు దానం చేసి, అద్దె ఇంటిలో నివసించారు.

అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ సతీమణి ఉషా వాన్స్‌కు భర్త తరఫున బంధువైనందున 2024లో ఆమె పేరు విదేశీ పత్రికలలోనూ ప్రముఖంగా వచ్చింది. అయితే 1956 నుండి ఆమె పాఠాలు విన్న విద్యార్థులకు ఆ పరిచయం అవసరం లేదు. సెంచూరియన్ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఆమెను బోధనకు ఆహ్వానించినవారు కూడా ఒకనాటి ఆమె శిష్యులే.