చెవి నుండి తెరకు: ఇంజను ట్యూనింగులో జ్ఞానమార్పిడి - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలు కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి. దానికి చేరువనే ఉన్న పంజాగుట్ట కూడలి వాహనాల రద్దీకి పేరుపడింది. ఈ దారిలో ఆగి ఆగి కదిలే కారు చాలాసేపు ఐడ్లింగులోనే, అనగా యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను తిరిగే స్థితిలోనే, గడుపుతుంది. ఆ స్థితిని సరిచేసే పని మెకానిక్ చేతి నుండి కంప్యూటరుకు ఎలా మారిందో, అందులో టర్బో ఇంజను స్థానమేమిటో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చెవి ప్రమాణమైన కాలం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983లో వచ్చిన మారుతి 800 కార్లు కార్బురేటరుతో నడిచేవి. దాని మరలను తిప్పి ఐడ్లింగు వేగాన్ని, పెట్రోలు-గాలి మిశ్రమాన్ని సరిచేసేవారు. డిస్ట్రిబ్యూటరును కొద్దిగా తిప్పితే స్పార్కు పడే క్షణం ముందుకో వెనక్కో జరిగేది. టైమింగ్ లైటు ఉన్నా, ఉస్తాద్ చెవి మాటకే విలువ ఎక్కువ. శిష్యుడు ఈ విద్యను పుస్తకం నుండి కాక శబ్దం నుండి నేర్చుకున్నాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నియమం, ఐడ్లింగులో నాలుగు చక్రాల పెట్రోలు వాహనం విడిచే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించరాదన్నది. చెవి తీర్పు పక్కన అంకె వచ్చి చేరింది.

3. టర్బో తెచ్చిన మార్పు

భారత్ స్టేజ్ మూడవ దశ 2005లో, నాలుగవ దశ 2010లో ఎంపిక చేసిన నగరాలతో పాటు హైదరాబాదులో ముందుగా అమలయ్యాయి. ఈ క్రమంలో ఇంధన ఇంజెక్షన్, ఇంజను కంప్యూటరు స్థిరపడ్డాయి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌తో కార్లలోకి వచ్చిన టర్బో పెట్రోలు ఇంజను, పోలో జీటీ టీఎస్‌ఐ (2013), టాటా జెస్ట్ (2014) వంటి కార్లతో మన వీధుల్లోకీ చేరింది.

టర్బో గాలిని ఒత్తిడితో సిలిండరులోకి పంపుతుంది. ఒత్తిడీ వేడీ మితిమీరితే మిశ్రమం అదుపు తప్పి మండుతుంది. ఈ 'నాకింగ్' పిస్టన్లను దెబ్బతీస్తుంది. కనుక బూస్టు పెరిగేకొద్దీ స్పార్కును ఆలస్యం చేయాలి. ఐడ్లింగులో బూస్టు ఉండదు. అందువల్ల అక్కడ చెవికి ఇంపుగా తోచిన టైమింగు, బూస్టులో ఇంజనుకే ముప్పు కావచ్చు. చెవి విన్నది అబద్ధం కాదు. అది ఒక్క స్థితికి చెందిన నిజం. కంప్యూటరు ప్రతి వేగానికీ, ప్రతి భారానికీ వేరువేరు టైమింగు పట్టిక ఉంచుకొని, నాక్ సెన్సరు సంకేతాన్ని బట్టి సవరిస్తుంది. ఐడ్లింగులోనూ వేగం తగ్గితే స్పార్కును ముందుకు, పెరిగితే వెనక్కు జరుపుతూనే ఉంటుంది.

4. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను సేద్యగాళ్ల నోటి నుండి సేకరించింది. 'పాయింట్లు', 'పికప్', 'టైమింగు' వంటి మాటల వెనుకనున్న శ్రవణజ్ఞానానికీ అటువంటి సేకరణ అవసరం. తెరపై నేర్చిన పాఠానికి ప్రతి మిగులుతుంది. ఉస్తాద్ విన్న శబ్దానికి ఆయన మాటే ఏకైక ప్రతి. ఆ తరం ఉండగానే దానిని నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.