అబిడ్సు, నాంపల్లి గృహములు: వడ్రంగమును, మరమ్మతును గూర్చి కొన్ని మాటలు



ఇల్లు కట్టిన ధనికుని పేరు గుమ్మముపై చెక్కబడును; దూలము నెక్కించిన వడ్రంగి పేరు ఎచ్చటను కానరాదు. అతని సంతకము అతుకులోనే యున్నది. అతుకు బిగిసి నిలిచినన్నాళ్లు అతడు జీవించియున్నట్లే. మన సంఘ వార్షిక మహాసభ సంచికకు వృత్తివిషయమై యొక వ్యాసము వ్రాయుడని పెద్దలు కోరగా, మేము పెక్కేండ్లు పనిచేసిన హైదరాబాదు నగరపు అబిడ్సు, నాంపల్లి ప్రాంతముల యిండ్ల చరిత్రమును, వానిని బాగుచేయు పద్ధతిని ఇందు విన్నవించుచున్నాము.

అబిడ్సు అను పేరు ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనీయుని వలన గలిగినది. ఆయన ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖానునకు ఆంతరంగిక సేవకుడై, ప్రభువుగారి దుస్తులను చూచుకొనుచుండెడివాడు. పిమ్మట ఈ కూడలిలో అంగడి పెట్టెను. ఆ ప్రభువు దుస్తుల కొరకు పురానీ హవేలీలో బర్మా టేకుతో నిర్మింపబడిన రెండంతస్తుల అలమర నేటికిని నిలిచియున్నది. అందులో చేతితో త్రిప్పు కొయ్య లిఫ్టుకూడ కలదు. దానిని చూచువారు ప్రభువు వైభవమును మెచ్చుకొందురు. మన పిల్లలు మాత్రము తలుపుల వరుసను, అతుకుల తీరును చూడవలెనని మా కోరిక.

అబిడ్సు ప్రక్కనే కట్టెలమండి యున్నది. పేరే చరిత్రను చెప్పుచున్నది. దానికి చేరువనున్న జాంబాగు వీధి కుర్చీలకు, మంచములకు, అలమరలకు నగరమంతట పేరుగన్నది. కలప వచ్చు త్రోవలును కాలక్రమమున పెరిగినవి. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1907లో నాంపల్లి స్టేషను కట్టబడెను. 1929 నాటికి కాజీపేట, బల్హార్షాల నడుమ మార్గము పూర్తియై ఆదిలాబాదు టేకు అడవుల గుండ రైలు నడచెను.

1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరద నగరమును ముంచి వేలకొలది ప్రాణములను గొనెను. తరువాత 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి వీధులను వెడల్పు చేయించి క్రొత్త యిండ్లను కట్టించెను. ఏడవ నిజాము 1911లో గద్దె నెక్కి కింగుకోఠీలోనే నివసించుటచే నగరము మూసీకి ఉత్తరమున మరింత పెరిగినది. ఆ కాలపు పాత యిండ్లలో మేము చూచిన కట్టుబడి యిట్టిది: డంగుసున్నముతో దళమైన గోడ, గోడపై టేకు దూలము, దూలముపై దంతెలు, వానిపై ఇటుకలో షాబాదు బండలో పరచి, మీద సున్నపు గచ్చు. పిమ్మట ఇనుప దూలములు వచ్చి కొయ్యకు పని తగ్గించినవి.

ఈ పని యంతయు మనవారే చేసిరనుట సత్యము గాదు. మనము చిత్రిక యనుదానిని ప్రక్కనున్న మహమ్మదీయ సోదరుడు రందా యనును. మన రంపము అతనికి ఆరీ. ఇరువురును ఒకే దూలమునకు భుజము పట్టిరి. ఒకరి యొద్ద నొకరు నేర్చిరి.

ఇక మరమ్మతు సంగతి. మొదట మా తప్పునే చెప్పుకొందుము. మేము పనిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, నాంపల్లిలో నొక యింటివారు శ్రావణమాసమున తలుపు పట్టుచున్నదని పిలిచిరి. మేము వెంటనే చిత్రికపట్టి తలుపును సులభముగ పడునట్లు చేసి కూలి పుచ్చుకొంటిమి. శివరాత్రి నాటికి ఆ తలుపునకు, చౌకట్టునకు నడుమ వ్రేలు దూరు సందు ఏర్పడెను. ఇంటి పెద్దావిడ మమ్ము పిలిపించి, "నాయనా, వాన తలుపును లావు చేసినది, నీవు దానిని చిక్కించినావు; ఇప్పుడు ఎవరు పూడ్చుదురు?" అని యడిగినది. ఆ మాటను నేటికిని మరువలేదు. కొయ్య నీటిని పీల్చి అడ్డముగ పెరుగును, పొడవున పెరుగుట అత్యల్పము. కావున వానకాలమున పట్టు తలుపునకు ముందు బందుల మరలను బిగించి, అంచునకు సబ్బో మైనమో రాచి యోపిక పట్టవలెను. దసరా దాటి కొయ్య యారిన పిమ్మటను పట్టినచో అప్పుడు చిత్రిక పట్టవచ్చును. పట్టిన యంచునకు రంగో నూనెయో పూయక విడువరాదు.

పలకల తలుపులలో పలక చట్రపు గాడియందు వదులుగ నుండుటకును హేతువిదియే. అది కదలుచున్నదని మేకులు కొట్టువారు పలకను పగులగొట్టుచున్నారు.

రెండవది దూలము. దూలము సాధారణముగ నడుమ కుళ్లదు. గోడలో దాగిన కొనయొద్ద కుళ్లును. ఉలిపిడితో తట్టినచో మంచి కొయ్య ఖణీలుమని పలుకును, కుళ్లినది బొద్దుగ పలుకును. ఉలికొనతో గ్రుచ్చి పెకలించినచో చేవగల కొయ్యనుండి పొడవైన పేడు లేచును; కుళ్లినది పొడిగ రాలును. అబిడ్సు సందులోని యొక పాత మేడలో పైకప్పు కారుచున్నదని ఎవరో దూలపు కొనచుట్టు సిమెంటు దట్టించిరి. లోనికి జొచ్చిన నీరు వెలుపలికి పోవు త్రోవలేక, కొన్ని యేండ్లలో కొన యంతయు పిప్పియైనది. సున్నపు గోడ ఊపిరి పీల్చును. సిమెంటు ఆ యూపిరిని బిగబట్టును. మేము ముందుగ కంబములతో కప్పును ఆనించి, కుళ్లిన భాగమును కోసివైచి, బాగుగ నారిన పాత టేకును ఏటవాలుగ జోడించి, బోల్టులతో బిగించితిమి. అతుకు పొడవు దూలపు మందమునకు మూడింతలకు తక్కువ కారాదని మా యభిప్రాయము. గోడరంధ్రమున కొనచుట్టు వ్రేలి వెడల్పు గాలి యాడనిచ్చితిమి. అయితే దూల మరమ్మతునకు ముందు కప్పు కారుటను మాన్పవలెను. లేనిచో మరమ్మతు వ్యర్థము. పెద్ద భారమున్నచోట ఇంజనీరు సలహా లేక చేయి వేయరాదు.

మూడవది చెదలు. అవి నేలనుండి మట్టి గొట్టములు కట్టుకొని యెక్కును. గొట్టమును చెరిపినంతమాత్రాన చాలదు. నేలకు మందు పెట్టింపవలెను. ద్వారబంధము కాళ్లు మట్టిని తాకక రాతిపై నిలువవలెను. సన్నని రంధ్రములనుండి పిండివంటి పొడి రాలినచో అది చెదలు గాదు, పుప్పిపురుగు. అది సాధారణముగ పైని తెల్లచెక్కను తినును. కావుననే మన పెద్దలు చేవను మాత్రమే వాడుడని చెప్పిరి.

ఇప్పుడు ఈ ప్రాంతములలో పాత యిండ్లు ఒక్కొక్కటిగ కూలుచున్నవి. శతాబ్దము నిలిచిన టేకు తలుపులు పాతసామాను అంగళ్లకు తూకమున చేరుచున్నవి. కూల్చుటకు ఒక దినము చాలును. కుళ్లిన కొన నొకదానిని మార్చుటకు తెలిసినవాడు కావలెను. ఆ తెలిసినవాడు లేనందుననే యజమానుడు "ఇది బాగుపడదు" అను మాటను నమ్ముచున్నాడు. మొజంజాహీ మార్కెటును చూడుడు. 1935లో కట్టబడి, శిథిలమై, మరమ్మతు నొంది 2020 ఆగస్టులో మరల కళకళలాడినది. బాగుచేయవచ్చునని దానికంటె వేరు సాక్ష్య మేల?

మన యువకులు యంత్రముతో ప్లయివుడ్డును కోయుట నేర్చుచున్నారు. మంచిదే, దానిని మేము నిందింపము. కాని కుసి చెక్కి బెజ్జమున బిగించుట యెరుగనివాడు పాత తలుపును విప్పగలడే గాని మరల కూర్పలేడు. కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో వడ్రంగము కూడ చేర్చబడినది. శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును అందు నిర్ణయింపబడినవి. ధనమునకు త్రోవ యున్నది; నేర్పువాడు కావలెను.

కావున పోషకులకు మా విన్నపము రెండు మాటలు. మీ పాత యిల్లు కూల్పించుటకు ముందు ముసలి వడ్రంగి నొకనిని పిలిచి, దూలమును తట్టి చూపించుకొనుడు. ఏటేట ఇరువురు పిల్లలను అట్టి ముసలివాని చేతిక్రింద నుంచి వారి భోజనవ్యయమును మీరు వహింపుడు. ఆ ముసలివాడు పోయిన పిమ్మట ధనమిచ్చినను ఆ విద్య దొరకదు. మా చేతులును వణకుచున్నవి. ఉలి పట్టుటకు చేతులు కావలెను. మీరు పంపిన చాలును.