రాజ్యాంగ చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత చరిత్రకు ఆయన చూపిన మార్గం

ఉపోద్ఘాతం

రాజ్యాంగ చరిత్ర అనగానే పాఠ్యగ్రంథాలు 1909, 1919, 1935 నాటి చట్టాలను, ఆ తరువాత రాజ్యాంగ పరిషత్తు చర్చలను వరుసగా వివరిస్తాయి. ఈ కథనంలో లండన్, ఢిల్లీ, మద్రాసు నగరాలకు ఉన్న చోటు తాలూకా కేంద్రాలకు దక్కలేదు. చట్టం ఎక్కడ తయారైందో తెలుస్తుంది గాని, అది ఎవరి ఇంటిపన్నుగా, ఏ ఊరి సరిహద్దుగా పరిణమించిందో తెలియదు. తెలుగువారిలో పాలనా వ్యవస్థల చరిత్రను శాస్త్రీయంగా అధ్యయనం చేసిన తొలితరం విద్వాంసుల్లో ఒకరైన మామిడిపూడి వెంకటరంగయ్య (1889–1982) ఈ చరిత్రను కింది అంచె నుంచి ప్రారంభించారు. ఆయన విద్వజ్జీవిత క్రమాన్ని పరిశీలించి, ఆ పద్ధతి పశ్చిమ కర్నూలు చరిత్రను ఎంతవరకు వెలుగులోకి తేగలదో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

విద్వజ్జీవిత క్రమం

నెల్లూరు జిల్లా పురిణిలో జన్మించిన వెంకటరంగయ్య కళాశాల అధ్యాపకుడిగా జీవితం ప్రారంభించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, అనంతరం బొంబాయి విశ్వవిద్యాలయంలోను ఆచార్యులుగా పనిచేశారు. 1968లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

ఆయన గ్రంథాల వరుస గమనార్హం. మద్రాసు రాష్ట్రంలో స్థానిక పన్నుల ఆవిర్భావాన్ని గురించిన గ్రంథం 1928లో వెలువడింది. అది 1863 నుంచి 1871 వరకు ఉన్న ఎనిమిదేళ్ల కాలానికే పరిమితమైన పరిశోధన. తరువాత అదే రాష్ట్రంలోని స్థానిక బోర్డుల వికాసాన్ని, ఫెడరల్ ప్రభుత్వ వ్యవస్థను అధ్యయనం చేశారు. 1952 సాధారణ ఎన్నికలు బొంబాయి నగరంలో జరిగిన తీరును మరుసటి ఏడాదే గ్రంథస్థం చేశారు. వయోజన ఓటు హక్కు రాజ్యాంగ నిబంధనగా ఉండటం ఒకటి, పోలింగు కేంద్రంలో ఆచరణగా మారడం మరొకటి అన్న వివేచన ఆ గ్రంథానికి ప్రేరణ అనుకోవచ్చు. ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమ పత్రాల సంపుటాలకు సంపాదకత్వం వహించినది ఆ తరువాతి దశలో.

పన్ను, బోర్డు, సమాఖ్య, ఓటు అన్న ఈ క్రమంలో ఒక సిద్ధాంతం ఇమిడి ఉంది. పన్ను ఎవరు విధిస్తారు, దానిని ఎవరు ఖర్చు చేస్తారు, చెల్లించిన వారికి మాట చెల్లుతుందా అనే ప్రశ్నలే ప్రాతినిధ్య వ్యవస్థకు మూలం. ఈ ప్రశ్నలను ఆదోనికి అన్వయించవచ్చు.

ఆదోని: పన్ను నుంచి ప్రాతినిధ్యానికి

ఆదోని 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలాల్లో భాగం. స్వాతంత్ర్యోద్యమ సంపుటాల్లో మొదటిది కూడా 1800వ సంవత్సరంతోనే ప్రారంభం కావడం ఇక్కడ గుర్తుంచుకోదగినది. దత్తమండలాల విభజన తరువాత ఆదోని బళ్ళారి జిల్లాలో చేరి 1953 దాకా అందులోనే కొనసాగింది.

ఆదోని పురపాలక సంఘం 1865లో ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టాన్ని తెచ్చినది ఆ సంవత్సరమే. వెంకటరంగయ్య తొలి గ్రంథం పరిశీలించిన ఎనిమిదేళ్లలోనే ఇది జరిగింది. ఆ చట్టం కింద కమిషనర్లు ప్రభుత్వం నియమించినవారే. పట్టణంలో వసూలైన సొమ్ములో కొంత పోలీసు ఖర్చుకు పోయేది. అంటే పురపాలన మొదట ప్రజల స్వపరిపాలన కోరికను తీర్చడానికి గాక, సర్కారు ఖజానా భారాన్ని తగ్గించడానికి పుట్టింది. 1871, 1884, 1920 నాటి చట్టాలతో ఎన్నికైన సభ్యుల పాత్ర క్రమంగా పెరిగింది. ఎన్నిక ఈ ఊరికి రాజ్యాంగంతో ఒక్కసారిగా వచ్చినది కాదు, పన్ను చెల్లింపు వెంట మెల్లగా వచ్చినది. అయితే ఆ ఓటు ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉండేది. ఆ ముడిని తెంపినది 1950 నాటి రాజ్యాంగం. పాత చరిత్ర తెలిసినప్పుడే ఈ మార్పు పరిమాణం అర్థమవుతుంది.

ఎమ్మిగనూరు: సహకారం ఒక రాజ్యాంగ విషయం

ఆదోని తాలూకాలోనే ఉండిన ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో చేనేత సహకార సంఘం ఏర్పడింది. 1954లో ఆయన పద్మశ్రీ పొందారు. ఈ సంఘాన్ని సాధారణంగా చేనేత చరిత్రలోనో, వ్యక్తి జీవిత చరిత్రలోనో చేర్చి చెబుతారు. కాని 1919 చట్టం ప్రవేశపెట్టిన ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలనతో పాటు సహకార సంఘాలు కూడా మంత్రులకు అప్పగించిన శాఖల్లో చేరాయి. 1935 చట్టం ప్రకారం 1937 నుంచి అవి రాష్ట్ర స్వపరిపాలన పరిధిలోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది పుట్టిన ఎమ్మిగనూరు సంఘాన్ని ఈ అధికార బదిలీ నేపథ్యంలో కూడా చదవాలి. సభ్యత్వం, వాటాధనం, పాలకవర్గం ఎన్నిక అనే నియమాలు మగ్గం ముందు కూర్చున్న మనిషికి ప్రాతినిధ్య వ్యవస్థను పరిచయం చేశాయి.

1953: ఒక సెక్షన్, మూడు తాలూకాలు

ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు సందర్భంలో బళ్ళారి జిల్లా భవిష్యత్తు వివాదాస్పదమైంది. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న అమరులైన అనంతరం కేంద్రం రాజస్థాన్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూను నియమించి నివేదిక తెప్పించుకుంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు చెందుతాయని తేలింది. బళ్ళారి తాలూకా విషయమై హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపిన తరువాత అది మైసూరుకు దక్కింది.

రాజ్యాంగం 3వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన అధికారంతో చేసిన 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గం అనంతపురం జిల్లాలోను చేరాయి. సరిహద్దు మారినా నీరు మాత్రం పాత దారినే రావాలి. తుంగభద్ర జలాశయం మైసూరు వైపు హోసపేట వద్ద మిగిలింది. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు వచ్చే దిగువ కాలువ అక్కడి నుంచే బయలుదేరుతుంది. అందుకే అదే చట్టం 66వ సెక్షన్ ఆధారంగా తుంగభద్ర బోర్డు ఏర్పడింది. సమాఖ్య వ్యవస్థ ఈ ప్రాంత రైతుకు కాలువలో నీటి విడుదల రూపంలో అనుభవానికి వస్తుంది.

ఈ బదిలీకి చరిత్ర రచనలో కూడా ఫలితం ఉంది. గోపాలకృష్ణమ శెట్టి 1886లో ప్రచురించిన కర్నూలు జిల్లా మాన్యువల్ నాటికి ఆదోని ఆ జిల్లాలో లేదు. దాని వివరాలకు కెల్సాల్ బళ్ళారి మాన్యువల్‌ను (1872), ఫ్రాన్సిస్ బళ్ళారి గెజిటీరును (1904) చూడాలి. నేటి జిల్లా ఎల్లలను గతానికి వర్తింపజేసి పరిశోధిస్తే ఆదోని 1953లోనే పుట్టినట్లు కనబడుతుంది. ఆ పొరపాటుకు గురయ్యేది నూట యాభై ఏళ్ల చరిత్ర.

పద్ధతి పరిమితి

అయితే సంస్థల చరిత్ర అన్నిటినీ చెప్పలేదు. చట్టం, పద్దు, బోర్డు తీర్మానం చూపేది పన్ను చెల్లించినవారిని, ఓటు ఉన్నవారిని. ఆ రెండూ లేని కూలీలు, స్త్రీలు, దళితులు ఆ పత్రాల్లో అరుదుగా కనిపిస్తారు. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, పొరుగుతో ఉర్దూ మాట్లాడే కుటుంబాన్ని భాషా గణాంకం ఒకే గడిలో నింపుతుంది. తాలూకాను ప్రమాణంగా తీసుకొన్న నిర్ణయం అటువంటి జీవితాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ వెలితిని పూరించడానికి మౌఖిక చరిత్ర, దస్తావేజులు, మూడు భాషల స్థానిక రచనలు అవసరం.

ముగింపు

వెంకటరంగయ్య స్థానిక పన్ను నుంచి సమాఖ్య సిద్ధాంతం వైపు నడిచారు. పశ్చిమ కర్నూలు చరిత్రను రాయబోయే పరిశోధకుడికి ఆ నడక ఉపయోగపడుతుంది. ఆదోని పురపాలక సంఘం, ఎమ్మిగనూరు సహకార సంఘం, తుంగభద్ర బోర్డు మూడు వేర్వేరు శాఖలకు చెందిన అంశాలుగా మిగిలిపోకుండా ఒకే రాజ్యాంగ చరిత్రలో అధ్యాయాలు కావాలి. దానికి అవసరమైన ఆధారాలు చెన్నై, బళ్ళారి, కర్నూలు మధ్య చెదిరి ఉన్నాయి. వాటిని ఒక్కచోట చదివినప్పుడే ఈ తాలూకాల ప్రజలు సరిహద్దు రేఖకు అటో ఇటో పడిన సంఖ్యలుగా గాక, పన్ను కట్టి, సంఘం పెట్టుకొని, ఓటు వేసిన పౌరులుగా తెలుగు చరిత్రలో నిలబడతారు.